భుజంతో కళ్ళు తుడుచుకున్న మేడమ్

రెండో బంతి భోజనాలు లేచేసరికి పన్నెండూ నలభై అయింది. కావాలనే ఆ టైముకి వెళ్ళాను. పెళ్ళాం పన్నెండో రోజు భోజనాల దగ్గర ఏ మొగుడూ వచ్చినవాళ్ళని బయటికి గెంటలేడు. అంతమందిలో గొంతు పెంచలేడు. నాకు కావలసింది అదే.

ఆత్రేయ కర్మకాండ ఇంటి దగ్గర ముగించి, పనివాళ్ళకి భోజనాలు మాత్రం తన కోల్డ్ స్టోరేజి ఆవరణలో పెట్టాడు. షామియానా కింద బల్ల మీద అన్విత ఫొటో, దానికి గులాబీల దండ. ముప్ఫై రెండేళ్ళ మనిషి, ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. మొగుడితో అండమాన్ వెళ్ళింది. ఫిబ్రవరి పదిన అక్కడొక చిన్న ద్వీపంలో ప్రైవేటు కారు, గైడుతో పొద్దుటి నుంచి చూడవలసినవన్నీ చూసి, చివరికి సూర్యాస్తమయం చూస్తూ రాతి మీంచి జారి సముద్రంలో పడింది. మర్నాడు శవం దొరికింది. తల్లిదండ్రులు లేరు. మేనమామ ఒకాయన అక్కడికి చేరేసరికి చితి ఆరిపోయింది. అస్థికలు తెచ్చి కృష్ణలో కలిపారు. మిర్చి వ్యాపారస్తులంతా వరస కట్టి పరామర్శించారు. గుంటూరుకి తెలిసిన కథ ఇది.

నిన్నటి దాకా నాకు ఆ కథతో పని లేదు. నన్ను పనిలో పెట్టింది సైదాబీ. ఇదే కోల్డ్ స్టోరేజి పక్క షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీసే కూలి. ఆమె కూతురు నగ్మాకి ఇరవై ఆరేళ్ళు, అదే షెడ్డు, అదే పని. ఫిబ్రవరి తొమ్మిది సోమవారం పొద్దున ఆరింటికి ఇంట్లోంచి బయల్దేరింది. పనిమీద వెళ్తున్నా, మూడు నాలుగు రోజుల్లో వస్తానంది. రాలేదు. పదమూడున నగ్మా ఫోన్ నుంచి తల్లికి ఒక మెసేజ్ వచ్చింది: "హైదరాబాద్‌లో బాగున్నాను. వెతకొద్దు." స్టేషన్‌కి పోతే సీఐ జయరావు అది పైకి చదివి, "ఎవడితోనో పోయిందమ్మా నీ కూతురు. ఇంటికెళ్ళి పడుకో" అన్నాడట.

సైదాబీ నా దగ్గరకొచ్చి ఒకటే మాట చెప్పింది.

"నాకు చదువు రాదని నా బిడ్డకి తెలుసమ్మా. అదెప్పుడూ నోటితో చెప్పి పంపిద్ది, రాసి పంపదు."

సీఐ చదవగలిగాడు కానీ ఆ ముక్క ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ మెసేజ్ కొట్టిన వేళ్ళు నగ్మావి కావు.

నా పేరు నస్రత్. పద్దెనిమిదేళ్ళు పోలీసు డిపార్టుమెంటులో చేశాను. చివరి రెండేళ్ళు ఈ జయరావు కిందే. ఆయన రిపోర్టులు చదివీ చదివీ విసుగెత్తి, రాజీనామా చేసి, అరండల్‌పేటలో మేడ మీద ఒక గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. నాకు జాలి తక్కువని నా వెనక అనుకుంటారు. ఇవాళ చేసిన పని చూస్తే వాళ్ళు చెప్పింది నిజమే. నగ్మా బతికి లేదని నాకు నిన్న సాయంత్రమే తెలుసు. తెలిసి కూడా పొద్దున సైదాబీ "ఏమన్నా తెలిసిందా అమ్మా?" అంటే "ఇంకా లేదక్కా" అన్నాను. ఏడ్చే తల్లిని వెంటపెట్టుకుంటే ఆత్రేయ గేటు దగ్గరే జాగ్రత్త పడతాడు. అందుకని ఆమెని మూడో బంతిలో కూర్చోబెట్టి, "తిను, ఎవరితో మాట్లాడకు, నేను పిలిచేదాకా లేవకు" అని చెప్పి ఆఫీసు గదిలోకి వెళ్ళాను.

ఆత్రేయ గుండుతో, తెల్ల పంచెతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచాడు.

"రండి. భోంచేశారా?"

"నగ్మా గురించి రెండు ముక్కలు అడిగి పోతా."

"పాపం, వాళ్ళమ్మ చాలా బాధపడుతోంది. హైదరాబాద్‌లో ఉందని జయరావుగారు చెప్పారుగా?"

"ఎనిమిదో తారీకు ఆదివారం. సాయంత్రం ఐదుంబావుకి నగ్మాని ఈ గదికి పిలిపించారు. ఆరింటికి బయటికొచ్చింది. మీ ముఠా మేస్త్రి అల్లాబక్షు చూశాడు. ముప్పావు గంట ఏం మాట్లాడారు?"

"షెడ్డుకి సూపర్‌వైజర్‌ని చేద్దామనుకున్నా. చురుకైన పిల్ల. అదే చెప్పా."

"చేశారా?"

"మర్నాడు పనికి రాలేదుగా."

"మర్నాడు మీరూ లేరు."

అతను నా వైపు చూశాడు. కోపం రాలేదు. కోపం రాకపోవడం నాకు నచ్చలేదు.

"సోమవారం పొద్దున ఎనిమిదింటికి గన్నవరంలో ఉన్నాం, నేనూ అన్వితా. విమానం టికెట్లు, హోటల్ రసీదు, ఫెర్రీ పాసులు, అన్నీ అక్కడి పోలీసులు చూశారు. ఆధార్ కూడా చూశారు."

"ఆధార్ ఫొటో చూసి కన్నతల్లి కూడా బిడ్డని గుర్తుపట్టలేదండి. పదో తారీకు టూరు సంగతి చెప్పండి."

"ఇవాళా? ఈ రోజునా?"

"ఈ రోజే."

కళ్ళు మూసుకుని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఎనిమిదింటికి ద్వీపంలో దిగారు. గైడు కారు తెచ్చాడు. ముందు కొబ్బరి తోటలు. తొమ్మిదిన్నరకి గాజు అడుగున్న పడవలో పగడాలు. పదకొండుకి తెల్ల ఇసుక బీచి. ఒంటిగంటకి భోజనం. రెండున్నరకి సముద్రంలోకి వంగిన రాతి వంతెన. నాలుగున్నరకి సూర్యాస్తమయం చూసే బీచి. ఒక్క నిమిషం తడబడలేదు.

"భోజనంలో ఏం తిన్నారు?"

"నేను పప్పన్నం. తను..." కాస్త ఆగాడు. "తను చేపల పులుసు."

"గైడు కూడా అదే చెప్పాడు. మేడమ్ ముళ్ళు ఎంత చక్కగా తీసిందో అని మెచ్చుకున్నాడు. మీ ఇంట్లో చేప తింటారా?"

"బయటికెళ్తే తినేది. మావాళ్ళెవరికీ తెలీదు. చచ్చిపోయిన మనిషి పరువు బజారున పెట్టకండి, దయచేసి."

బాగా తప్పించుకున్నాడు. అలా తప్పించుకుంటాడని నాకు తెలుసు.

"మేడమ్‌కి సముద్రం కొత్తా?"

"కొత్తేంటండీ? ఏడాదికి రెండుసార్లు సూర్యలంకో కొత్తపట్నమో వెళ్ళేవాళ్ళం. సముద్రమంటే ప్రాణం."

"మాట మార్చరుగా?"

"ఎందుకు మారుస్తా?"

అప్పుడు ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

అండమాన్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆత్రేయ కుదుర్చుకున్న గైడు బాలస్వామి కూడా తెలుగువాడే. ప్రమాదం వార్తలో పేరు చూసి నిన్న అతన్ని ఫోన్‌లో పట్టుకున్నాను. తాతల నాడు అటు వెళ్ళిన కుటుంబం. ప్రైవేటు టూరు గైడులకి ఒక పద్ధతి ఉంది. రోజంతా తమ ఫోన్‌తోనే వీడియోలు, ఫొటోలు తీసి సాయంత్రం టూరుకొచ్చిన పార్టీకి పంపిస్తారు. పదకొండో తారీకున ఆత్రేయ అతన్ని పిలిచి, "అవన్నీ తీసెయ్. చూసి తట్టుకోలేను" అన్నాడట. బాలస్వామి సరేనన్నాడు కానీ తీసెయ్యలేదు. కొత్త పార్టీలకి చూపించుకోవాలి, అది వాళ్ళకి ప్రకటన లాంటిది. నిన్న సాయంత్రం పద్నాలుగు వీడియోలు నాకు పంపాడు.

మొదటిది పెట్టాను. పెద్ద టోపీ, నల్ల కళ్ళజోడు, మెడకీ గడ్డానికీ చుట్టిన చున్నీ. గైడు ఏదో అడుగుతాడు. పక్క నుంచి ఆత్రేయ గొంతు: "మేడమ్‌కి గొంతు పోయింది, మాట్లాడించకు."

రెండోది తెల్ల ఇసుక బీచి. మనిషి నీళ్ళ అంచున వంగి, చూపుడు వేలు అలలో ముంచి నోట్లో పెట్టుకుంది. మొహం వికారంగా పెట్టి, భుజాలు కదిలేలా నవ్వింది.

"ఏడాదికి రెండుసార్లు సముద్రానికి పోయే మనిషి, నీళ్ళు ఉప్పగా ఉన్నాయో లేదో రుచి చూస్తుందా?"

"సరదాకి చేసి ఉంటుంది."

"సరదాకే అనుకుందాం. ఇది చూడండి."

రాతి వంతెన దగ్గర తీసిన వీడియో. అల ఒకటి ఎగిరి మొహాన కొట్టింది. కళ్ళజోడు జారింది. ఉప్పునీళ్ళు కళ్ళలో పడ్డాయి. ఆమె కుడిచెయ్యి కంటిదాకా లేచి, జానెడు దూరంలో ఠక్కున ఆగిపోయింది. వేళ్ళు విడివడి మొహానికి దూరంగా జరిగాయి. అప్పుడు భుజం ఎత్తి, తల వంచి, భుజం మీది బట్టకి కుడికన్ను తుడుచుకుంది. రెండో భుజానికి ఎడమకన్ను.

ఆత్రేయ చూశాడు. నా మొహం కేసి చూశాడు.

"ఏముంది ఇందులో?"

నిజంగానే అతనికి ఏమీ కనపడలేదు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ కోల్డ్ స్టోరేజి ఎన్నేళ్ళుగా ఉంది మీకు?"

"నాన్నగారి హయాం నుంచి. ముప్ఫై ఏళ్ళు."

"ముప్ఫై ఏళ్ళలో తొడిమల షెడ్డులో ఒక్క పది నిమిషాలు కూర్చున్నారా?"

అతను కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు.

"మా అమ్మ ఆ పనే చేసింది. బడికి పోని రోజుల్లో నేనూ పక్కన కూర్చునేదాన్ని. మిరప మంట గోళ్ళ కిందకి చేరితే ఏ సబ్బుకీ పోదు. ఒక్కసారి ఆ చేత్తో కన్ను నలుపుకున్న పిల్ల జన్మలో రెండోసారి నలుపుకోదు. చెమటైనా, దుమ్మైనా, ఏడుపైనా భుజానికే తుడుచుకుంటుంది. ఆ షెడ్డు వదిలి ముప్ఫై ఐదేళ్ళైంది. ఇప్పటికీ కంట్లో నలక పడితే నా వేళ్ళు కంటిదాకా పోవు. మీ భార్య బట్టలు తొడిగారు, టోపీ పెట్టారు, కళ్ళజోడు పెట్టారు, నోరు మూయించారు. చేతులు మాత్రం నగ్మావే తీసుకెళ్ళారు."

అతను నీళ్ళ గ్లాసు తీసుకుని తాగాడు.

తలుపు తోసుకుని జయరావు వచ్చాడు. మఫ్టీలో ఉన్నాడు. రెండో బంతిలో తిని, చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటున్నాడు.

"ఏం నస్రత్, కర్మ భోజనాల కాడ కూడా వదలవా మనుషుల్ని? నేను మూసేసిన కేసు అది."

"మీరు తెరవకుండానే మూశారు, సర్."

"నోరు జాగ్రత్త. ఏంటి నీ దగ్గరున్న సాక్ష్యం?"

చూపించాను. రెండుసార్లు చూసి నవ్వాడు.

"భుజంతో కన్ను తుడుచుకుంటే హత్యా? నేనూ తుడుచుకుంటా. పట్టుకో నన్ను."

"మీకు ఆ అవసరం రాదు సర్. వేరేవాళ్ళ బిడ్డ పోతే మీ కన్ను తడవదు."

మొహం ఎర్రబడింది. నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాగేవాడే. ఈలోగా నేను బాలస్వామికి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాను. ఈ టైముకి ఖాళీగా ఉండమని నిన్ననే చెప్పి పెట్టాను.

"బాలస్వామీ, ఆఖరి వీడియో ఎన్నింటికి తీశావ్?"

"నాలుగూ యాభైకండి. బీచి చివర రాళ్ళ దగ్గర. అప్పుడు సార్ నన్ను కారు దగ్గరికెళ్ళి టవల్ తెమ్మన్నారు. పార్కింగు దూరం. వచ్చేసరికి ఐదూ పది."

"ఐదూ పదికి ఎవరున్నారు అక్కడ?"

"సార్ ఒక్కరేనండి. మేడమ్ జారి పడిపోయిందని అరుస్తున్నారు."

జయరావు మధ్యలో దూరాడు. "ఏయ్, స్టేట్‌మెంటులో ఐదున్నర అని ఉంది కదయ్యా? జనమంతా సూర్యుణ్ణి చూస్తుంటే జరిగిందని?"

"జనాన్ని పిలిచింది ఐదున్నరకండి. అప్పటిదాకా నన్ను రాళ్ళ అవతల వెతకమన్నారు. అక్కడి పోలీసులు నన్ను టైము అడగలేదండి. పేరు రాసుకుని పొమ్మన్నారు."

"సార్ బట్టలు ఎలా ఉన్నాయి అప్పుడు?"

అడిగింది నేను.

"చొక్కా చేతులు భుజాల దాకా తడిసున్నాయండి. మోకాళ్ళకి ఇసుక. ఛాతీ మాత్రం పొడిగానే ఉంది. జేబులో ఫోన్ కూడా తడవలేదు, దాంతోనే తర్వాత ఫోన్ చేశారు. అప్పుడు నాకు తట్టలేదండి."

"నీళ్ళెంత లోతు అక్కడ?"

"ఆటు టైమండి, నీళ్ళు వెనక్కి పోయుంటాయి. మోకాలు దాటవు."

ఫోన్ పెట్టేశాను. ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ భుజాల దాకా నీళ్ళలో ముంచి ఉంచితే మనిషి సరిగ్గా అలాగే తడుస్తాడు. చేతుల కింద ఏదో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని ఉండాలి. అది జయరావుకి కూడా అర్థమైంది. అయినా ఒప్పుకోడు, ఆయన సంగతి నాకు కొత్త కాదు.

"సరే, ఆ పిల్ల నగ్మానే అనుకో. మరి అన్వితగారు ఏరి?"

"నేనూ అదే అడుగుతున్నా. ఈ కోల్డ్ స్టోరేజిలో మూడో ఛాంబర్ ఒకటే మూసుంది, దాని తాళం తీయించండి."

ఆత్రేయ మొదటిసారి గొంతు పెంచాడు. "అందులో అమ్మోనియా గ్యాస్ లీకవుతోంది! మెకానిక్ వచ్చేదాకా ఎవరూ పోకూడదు. ప్రాణాలు పోతాయి."

నేను కిటికీలోంచి కేకేశాను. అల్లాబక్షు గారెల బుట్ట పక్కనోడి చేతికిచ్చి వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా బస్తాలు మోసే ముఠాకి మేస్త్రి.

"మామా, మూడో ఛాంబర్ ఎప్పటి నుంచి మూసుంది?"

"తొమ్మిదో తారీకు నుంచమ్మా. మేం సోమారం పొద్దున పనికొచ్చేసరికే తాళం. గ్యాసంట, ఓనరుగారొచ్చేదాకా తియ్యొద్దన్నారని వాచ్‌మన్ చెప్పాడు. వచ్చాక కూడా తియ్యలా."

"గ్యాస్ వాసన వచ్చిందా?"

"గ్యాసు లీకైతే గేటు కాడికే కొడతదమ్మా! కళ్ళు మండిపోయి అందరం రోడ్డు మీదుంటాం. ఏ వాసనా లేదు."

జయరావు ఆత్రేయని చూశాడు, నన్ను చూశాడు. "ఏమీ దొరక్కపోతే నీ బోర్డు నేనే పీకిస్తా, నస్రత్."

"నిచ్చెన నేనే తెచ్చిస్తా. పదండి."

తాళంచెవి ఆత్రేయ మొలతాడుకి ఉంది. కర్మ చేసేటప్పుడు కూడా దాన్ని వదల్లేదన్నమాట. జయరావు చెయ్యి చాచి అడిగాడు. ఇచ్చాడు. తనతో భోజనానికొచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళని పిలిచి అతని పక్కన నిలబెట్టి, మేం ముగ్గురం లోపలికి వెళ్ళాం.

ఛాంబర్ తలుపు తెరవగానే చలి, దాని వెంట మిరప ఘాటు. జయరావుకి దగ్గు తెర ఆగలేదు. మిర్చి బస్తాలు, ఇక్కడి మాటలో టిక్కీలు, వరసలు వరసలుగా కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అల్లాబక్షు టార్చి వేస్తూ ముందు నడిచాడు. వెనక గోడ దగ్గరికి రాగానే ఆగిపోయాడు.

"ఇది మా ముఠా పేర్చింది కాదు."

"ఎలా చెప్తున్నావ్?" అన్నాడు జయరావు దగ్గుతూనే.

"గోడకి ఆనిచ్చారు సార్, చూడండి. మేం గోడకీ బస్తాకీ మధ్య మనిషి దూరేంత సందు వదుల్తాం. చలిగాలి తిరగాల. ఆనిస్తే గోడ చెమ్మ పట్టి కాయ నల్లబడిద్ది. పనిలో చేరిన మొదటి రోజే చెవి మెలేసి నేర్పుతాం. తాగినోడు కూడా ఇట్టా పెట్టడు." కింద వెలుగు వేశాడు. నేల మీద ఎర్రగా కాయలు చారలా పడి ఉన్నాయి. "మోసిన బస్తా కాదిది, ఈడ్చింది. గోతం అడుగున చిరిగింది. ఒక్కడే చేశాడు. అలవాటు లేనోడు."

పదకొండు టిక్కీలు. అల్లాబక్షు ఒక్కడే తీశాడు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. ఏడోది తీసినప్పుడు నీలం రంగు టార్పాలిన్ పట్టా కనిపించింది. తొమ్మిదోది తీసినప్పుడు పట్టా అంచులోంచి ఒక పాదం. కాలి వేలికి మెట్టె.

జయరావు టార్చి తీసుకుని పట్టా తొలగించాడు. చలికి చెడిపోలేదు. బయట దండ వేసిన ఫొటోలో మొహమే. మెడ చుట్టూ ఫోన్ ఛార్జర్ తీగ ఇంకా అలాగే ఉంది. తీయాలని కూడా అనిపించలేదు వాడికి.

"యా అల్లా" అన్నాడు అల్లాబక్షు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

జయరావు గుమ్మం దాకా పరిగెత్తి, అరగంట కింద తిన్న గారెలన్నీ కక్కాడు.

మేం తిరిగొచ్చేసరికి ఆత్రేయ కుర్చీలోనే ఉన్నాడు. పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు. మా మొహాలు చూసి, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"ఆదివారం మధ్యాహ్నం ఇక్కడికొచ్చింది. నీతో అండమానూ వద్దు, కాపురమూ వద్దు అంది. టికెట్లు కొన్నాక! అందరికీ చెప్పుకున్నాక! రానంటే ఎలా?"

"మధ్యాహ్నం ఆమెని చంపి, సాయంత్రం ఐదుంబావుకి నగ్మాని పిలిచారు."

"ఎత్తూ ఒళ్ళూ సరిపోయాయి."

కూరగాయలు బేరమాడినట్టు అన్నాడు ఆ మాట.

"ఏం చెప్పి తీసుకెళ్ళారు?"

"మేడమ్ అలిగి పుట్టింటి వైపు వెళ్ళింది, చుట్టాలకి తెలిస్తే పరువు పోతుంది, మూడు రోజులు నోరు మెదపకుండా నా వెంట ఉండు, వచ్చాక సూపర్‌వైజర్‌ని చేస్తా అన్నా. భయపడింది. తర్వాత, సముద్రం చూపిస్తారా సార్ అని అడిగింది. చూపిస్తా అన్నా." అతను నా వైపు తిరిగాడు. "హోటల్లో నేను సోఫా మీద పడుకున్నానండీ. నేనలాంటివాణ్ణి కాను. చూపిస్తానన్నవన్నీ చూపించా. ఒక్కటి వదల్లేదు. గైడుని అడగండి, ఆ రోజంతా ఆ పిల్ల ఎంత సంతోషంగా ఉందో."

చెంప పగలగొట్టాను. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. జయరావు గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన నాకు చేసిన సాయం అదొక్కటే.

తర్వాత ఆయన ఫోన్లలో మునిగిపోయాడు. అప్పుడే గొంతులో కేసు తనదన్న ధీమా వచ్చేసింది. నేను బయటికి వేలు చూపించాను. "ఆ తల్లికి మీరు చెప్పండి సర్. ఎవడితోనో పోయిందని చెప్పింది మీరేగా."

ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు. "నువ్వే చెప్పు నస్రత్. ఆడదానివి, నీకైతే చెప్పడం వచ్చు."

మూడో బంతి లేచింది. సైదాబీ కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటోంది. నన్ను చూసి గబగబా వచ్చింది. "పోలీసులేంటమ్మా లోపలికీ బయటికీ తిరుగుతున్నారు? మా నగ్మా సంగతేనా?"

దారిలో అనుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. పద్దెనిమిదేళ్ళు ఇలాంటి కబుర్లు మోశాను, ఎప్పుడూ తడుముకోలేదు. ఇవాళ చేతకాక, పిరికిదానిలా, ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాను. తెల్ల ఇసుక మీద మనిషి వంగి వేలు నీళ్ళలో ముంచే వీడియో.

మొదట అర్థం కాలేదు ఆమెకి. టోపీ చూసింది, కళ్ళజోడు చూసింది. ఆ మనిషి నవ్వగానే ఫోన్ మొహానికి ఆనించుకుంది.

"నగ్మా! మా నగ్మానే! ఏమే, రండే, నా బిడ్డ దొరికింది!"

ఆడవాళ్ళంతా తడిచేతులతో చుట్టూ మూగారు. సైదాబీ నవ్వుతోంది. పన్నెండు రోజుల తర్వాత ఆ మొహానికి నవ్వు వచ్చింది. అందరికీ ఫోన్ చూపిస్తూ, "చూడండే, ఎంత బాగుందో. టోపీ పెట్టుకుంది, దొరసాని మాదిరి" అంది. తర్వాత నన్ను అడిగింది.

"హైదరాబాద్‌లో ఇంత సముద్రం ఉందా అమ్మా?"

గుంపు వెనక అల్లాబక్షు నిలబడి ఉన్నాడు. అతని ఏడుపు ముందు వినపడింది, తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెనక్కి తిరిగారు. సైదాబీ అతన్ని చూసింది. నన్ను చూసింది.

"ఎప్పుడు తీశారిది?"

"పదో తారీకక్కా."

"పదకొండున ఎక్కడుంది?"

అప్పుడు చెప్పాను. ఆదివారం నుంచి మొదలుపెట్టి, ఏదీ దాచకుండా, ఆమె చేతులు పట్టుకుని చెప్పాను. ఆమె కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. అంతా విని, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"మట్టి ఎక్కడ చేశారు? నేను పోవాలమ్మా అక్కడికి."

"మట్టి చెయ్యలేదక్కా. అన్విత అనుకుని కాల్చారు. ఆ బూడిదే కృష్ణలో కలిపారు."

ఆమె తల ఊపింది, ధర చెప్తే విన్నట్టుగా. ఫోన్ ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. వీడియో ఎప్పుడో అయిపోయి తెర నల్లబడింది.

"అయితే ఇదేనా మిగిలింది?"

అవునన్నాను. ఆమె నేల మీద కూర్చుంది. ఫోన్ నా వైపు చాచి, ఆ వీడియో మళ్ళీ పెట్టమంది.